గొట్టం పెదవికి తగిలితే

గాజు కొలిమిలో మేస్త్రి పీట ఇక తనదేనని మా ఆయన మెట్లెక్కుతూనే చెప్పేశారు. చెబుతూ మధ్యలో రెండుసార్లు ఆయాసంతో ఆగారు. సాయంత్రం అందరి ముందూ ఒక పెద్ద దీపం బుడ్డి ఊది చూపిస్తే చాలట.

నేనప్పుడు కిటికీ గూట్లో మా గ్లాసులు తుడుస్తున్నాను. అన్నీ ఆయన ఊదినవే, అమ్మకానికి పనికిరాక ఇంటికొచ్చినవే. ఒకదానికి పొట్ట, ఒకదానికి గూని. వాటిలో నీళ్లు పోసినప్పుడల్లా గోడ మీద ఆడే వెలుగు చూసి మురిసిపోవడం నాకింకా పాతబడలేదు.

ఇంత శుభవార్త చెప్పి ఆయన చేసిన మొదటి పని జేబులోంచి వేప్, అదే ఆ కరెంటు సిగరెట్టు, తీయడం. చిన్నపిల్ల కంపాసు బాక్సులోంచి జారిపడ్డట్టుండే గులాబీ రంగు గొట్టం. గదంతా స్ట్రాబెర్రీ కంపు. ఊపిరి అమ్ముకుని బతికే మనిషికి ఇదొక విలాసం!

"ఇది పొగ కాదు, ఉత్త ఆవిరి," అన్నారు.

"ఆవిరే కావాలంటే వంటింట్లో కుక్కరుంది. వెళ్లి దాని పక్కన నిలబడండి."

అది ఆవిరి కాదనీ, కాచిన రసాయనాల తుంపర అనీ, ఊపిరి గొట్టాలను మండించి వాచేలా చేస్తుందనీ కెమిస్ట్రీ చదివిన పాపానికి ఎన్నోసార్లు చెప్పాను. పొద్దుటి దగ్గుకు ఆయన కొలిమి వేడినే తిట్టేవారు. అదే వేడిలో ముసలివాడైన మేస్త్రికి ఆ దగ్గెందుకు లేదో మాత్రం చెప్పేవారు కాదు.

సాయంత్రం నేను కొలిమి గుమ్మంలో నిలబడ్డాను. పొడవాటి ఇనుప గొట్టం చివర కరిగిన గాజు ముద్ద. దాన్ని తిప్పుతూ మెల్లగా ఊదాలి. ఊపిరి చాలకపోతే నోరు పక్కకు తీసి పీల్చుకోవాలి తప్ప గొట్టంలోంచి పీల్చకూడదు. అక్కడ పనిలో చేరినవాళ్లకు నేర్పే మొదటి పాఠమే అది. బుడ్డి గుమ్మడికాయంతై బంగారంలా మెరిసింది. నేను చప్పట్లు కొట్టబోయాను.

అంతలో ఆయనకు ఊపిరి అయిపోయింది. పొద్దస్తమానం గొట్టం తగలగానే పీల్చడానికి అలవాటుపడ్డ ఆ పెదవులు ఇక్కడా అదే చేశాయి. బుడ్డి బోసినోటి బుగ్గలా లోపలికి పోయింది. వేడిగాలి గొంతుకు తగిలి ఆయన వంగిపోయి దగ్గుతుంటే మేస్త్రి గొట్టం లాక్కున్నాడు.

"నీకు ఊదే పని ఇచ్చాన్రా. పీల్చే పని ఎవడిచ్చాడు?"

ఎవరూ నవ్వలేదు. ఛాతీ డాక్టరు బాగుందని చెబితేనే ఇంకో అవకాశమనీ, లేదంటే జన్మంతా గడ్డిలో గాజు సామాను చుట్టే పనేననీ మేస్త్రి తేల్చేశాడు.

ఇంటి మలుపులో మా ఆయన ఆ గులాబీ గొట్టాన్ని నా చేతిలో పెట్టారు. ఇంత పిసరంత వస్తువు కోసమా పీట పోగొట్టుకోబోయాం అనిపించింది.

"రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దాం. అక్కడా గొట్టంలో ఊదిస్తారట, కాస్త ఊదండి," అన్నాను. "వచ్చేటప్పుడు ఆ సొట్ట బుడ్డి తెచ్చుకుందాం. కిటికీలో దానికి చోటుంది."