యాంకో నిలబడిన చోటు

కొత్తగా కొన్న ఆటగాడు మొదటి సీజన్లో ఆడడు. ఈ సంగతి విజయవాడ వన్ టౌన్ చీరల దుకాణాల్లో అందరికీ తెలుసు. కనీసం బేరాలు పలచబడిన వేళ సెల్‌ఫోన్లో బాస్కెట్‌బాల్ జట్లు నడుపుకునే వాళ్లందరికీ తెలుసు. ఆ ఆటలో మనిషి బంతి ముట్టుకునే పని లేదు. ఆటగాళ్లను కొనడం, అమ్మడం, ఎవరు ఎక్కడ నిలబడాలో పొద్దున్నే నిర్ణయించి పెట్టడం వరకే యజమాని వంతు. మధ్యాహ్నం మ్యాచ్‌ను కంప్యూటరు తనంతట తానే ఆడించి ఫలితం చెబుతుంది. వేరే జట్టులో చెలరేగిపోతున్నవాణ్ణి పోటీపడి కొని తెచ్చుకుంటే, మర్నాటి నుంచీ వాడు చేతులు పడిపోయినవాడిలా ఆడతాడు. గేమ్ కంపెనీ వాళ్లే తొక్కేస్తారని కొందరూ, కొత్తవాడికి పాతవాళ్లు బంతి ఇవ్వకుండా లోపల ఏదో మెలిక పెట్టారని కొందరూ అంటారు. కారణంలోనే భేదం. సంగతిలో ఎవరికీ అనుమానం లేదు.

"వెంటనే ఆడేస్తే మనం ఇంకొకణ్ణి ఎందుకు కొంటాం? అందుకే తొక్కిపెడతారు," అన్నాడు దుర్గాశంకర్, వాచీ పెట్టుకుంటూ.

అతని భార్య ప్రత్యూష దొండకాయలు తరుగుతోంది. కందిపప్పు డబ్బాకు ఆనించిన ఫోన్లో అతని జట్టు 'బెజవాడ కెరటాలు' ఆ రోజు మ్యాచ్ కోసం ఎదురుచూస్తోంది. పదింటిలోపు ఎవరి చోట్లు వాళ్లకు పెట్టెయ్యాలి. ఆ వేళకు అతను దుకాణం తెరిచే హడావిడిలో ఉంటాడు. అందుచేత మోటారు వెయ్యడం, క్యారియర్లు సర్దడం లాగే అదీ ఆమె పనుల్లో చేరింది. ఎప్పుడు చేరిందో ఎవరూ చెప్పలేరు. ఆ ఇంట్లో పనులు అలాగే చేరతాయి. మొదటిసారి చేసిపెట్టమంటారు, రెండోసారి అడగరు.

"యాంకోని అక్కడే ఉంచు. ఇంకొన్ని మ్యాచ్‌లు చూసి అమ్మేద్దాం."

యాంకో కెరటాలు కొత్తగా కొన్న పొడుగు మనిషి. పాత జట్టులో రింగు కింద నిలబడి, తప్పిపోయిన ప్రతి బంతినీ అందుకుని వేసేసేవాడు. కెరటాలలో ఆ చోటు సిల్వానోది, జట్టు పుట్టిన రోజు నుంచీ వాడిదే. బంతిని వెనకనుంచి నడిపించుకొచ్చి అందరికీ అందించేవాడు మాత్రం లేడు. దుర్గాశంకర్ ఆ ఖాళీలో యాంకోని నిలబెట్టాడు.

"వీడు రింగు కింద ఆడేవాడు కదండీ?" అని ఆమె ఆ వారం మొదట్లో ఒకసారి అడిగింది.

"మంచి ఆటగాడన్నాక ఎక్కడైనా ఆడాలి. నువ్వు టీమ్ పెట్టు చాలు," అన్నాడు.

ఇప్పుడు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, కాలేజీకి రాజీనామా టైపు చేసి నీ ఫోన్‌కి పంపాను. శనివారంలోపు ఇచ్చెయ్. వాళ్లు పొమ్మనేదాకా ఉంటే ఏం గౌరవం? మన బిల్లింగు కౌంటర్లో ఎలాగూ మనిషి లేదు."

హాల్లోంచి అత్తగారు హనుమాయమ్మ అందుకుంది. "ఉయ్యూరులో బాగానే చెప్పేదిగా అమ్మాయి. కొత్తచోటు అచ్చిరాలేదు. కొందరికి అచ్చిరాదు, ఏం చేస్తాం."

ప్రత్యూష ఉయ్యూరులో ఒక చిన్న కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. ఆమె దగ్గర చదివిన పిల్లల మార్కులు చూసి, విజయవాడలో ఒక పెద్ద జూనియర్ కాలేజీ వాళ్లు పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చారు. అక్కడ చేరాక ఆమె పేరు మసకబారింది. క్లాసు వెనకబడింది, పిల్లలు అర్థం కాలేదంటున్నారు. శనివారం ప్రిన్సిపాల్ బసవపున్నయ్య గారు ఆమెను ఉంచేదీ పంపేదీ తేల్చేస్తానన్నారు. భర్త అనేవాటికి ఆమె బదులు చెప్పకపోవడానికి కారణం భయం కాదు. అతను చెప్పేది నిజమేనేమోనన్న అనుమానం రోజురోజుకూ ఆమెలో పెరుగుతోంది. తనలో ఏదో లోటుంది. ఉయ్యూరులో అది బయటపడలేదు, ఇక్కడ పడింది. అసలు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మాత్రం ఏమైంది? పెళ్లిచూపులనాడు మామగారు, "చదువుకున్న పిల్ల, దుకాణం లెక్కలు చూసుకుంటుంది" అని నలుగురిలో మురిసిపోయారు. కాపురానికి వచ్చాక ఆమెకు దుకాణం మెట్లెక్కే పని పడలేదు. అంతకు ముందే ఆడపడుచు పెళ్లయి వెళ్లిపోవడంతో వంటింట్లో ఒక మనిషి తక్కువైంది. అక్కడ నిలబెట్టారు. పులుసులో ఉప్పు ఎక్కువైనా, పప్పు పలచనైనా, వచ్చిన చుట్టాలతో హనుమాయమ్మ ఎంతో సానుభూతిగా, "ఇంకా అలవాటు పడలేదు పాపం" అనేది. ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ అంటూనే ఉంది.

తరిగిన ముక్కలు బాణలిలో వేసి, చేయి తుడుచుకుని ఫోన్ అందుకుంది. యాంకో పేరు మీద వేలు ఆగింది. క్లాసులో పిల్లలకు తాను చెప్పే మొదటి పాఠం గుర్తుకొచ్చింది. గొట్టంలో రంగు మారితే ఆశ్చర్యపోకండి, మీరు ఏం మార్చారో అడగండి. ఈ యాంకో విషయంలో మారింది జట్టు ఒక్కటేనా?

సిల్వానోకి విశ్రాంతి ఇచ్చి, యాంకోని రింగు కిందికి మార్చింది.

ఆ సాయంత్రం దుర్గాశంకర్ మిఠాయి పొట్లంతో ఇల్లు చేరాడు. "చూశావా, యాంకో విరగదీశాడు. అలవాటు పడ్డాడు. సీజన్ సగం దాటింది కదా, ఇక వదిలేశారు వాణ్ణి."

"నేను వాడి చోటు మార్చానండీ."

"చోటుదేముంది, టైము రావాలి." పొట్లం తల్లి చేతికిచ్చాడు. "చెప్పానా, అమ్మా? కొత్తవాడికి టైము పడుతుందని."

వాదించడానికి తన చేతిలో ఏమీ లేదని ప్రత్యూషకే తెలుసు. చోటూ మారింది, కాలమూ గడిచింది. రెండూ ఒక్కసారే మారితే ఏది పనిచేసిందో చెప్పలేమని పిల్లలకు చెప్పేదీ తనే. ఆడకపోతే కొత్తవాడు కాబట్టి, ఆడితే కొత్త తీరింది కాబట్టి. ఆ నమ్మకం ఎటు తిప్పినా గెలుస్తుంది. ఆమెకు దాని మీద మొదటిసారి గట్టి అనుమానం కలిగింది. ఇంకో అనుమానమూ రాకపోలేదు. ఎవరినైనా బాగా ఆడుతున్న రోజుల్లోనే కదా పోటీపడి కొంటారు. అంత మంచి ఊపు ఎవరికీ చిరకాలం నిలవదు, కాస్త తగ్గడం సహజం. ఉయ్యూరులో తనదీ అలాంటి ఊపేనేమో. దాన్నీ ఆమె తోసెయ్యలేదు. కాస్త తగ్గడం వేరు, చేతులు పడిపోవడం వేరు. కొత్తదనమే రోగమైతే పాతవాడికి ఆ రోగం ఉండకూడదు. అది తేల్చే దారి ఒకటుంది.

శనివారం పొద్దున స్టవ్ మీద పాలు పొంగేలోపు ఆ పని చేసేసింది. యాంకో రింగు కిందే. సిల్వానోని తీసుకెళ్లి, అన్నాళ్లూ యాంకో నిలబడిన ఖాళీలో నిలబెట్టింది. తక్కిన వాళ్లెవరినీ కదపలేదు.

కాలేజీకి ఆ రోజు ఎవరో పెద్దలు వస్తున్నారు. ఎవరొచ్చినా ఎదురు నిలబడి స్వాగతం చెప్పే పని ప్రత్యూషదే. గేటు దగ్గర పన్నీరు బుడ్డీ, గంధం పళ్లెం ఆమె కోసం సిద్ధంగా ఉన్నాయి. ఆమె వాటిని దాటుకుని తిన్నగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది.

"రండి ప్రత్యూష గారూ. నేనే పిలుద్దామనుకుంటున్నాను," అన్నారు బసవపున్నయ్య గారు. ఆయన కఠినుడు కాడు. ఎవరినైనా పంపించాల్సి వస్తే ముందు కాఫీ ఇప్పించే మనిషి. "మీ డెమో క్లాసు చూసి పట్టుబట్టి తీసుకున్నది నేనేనమ్మా. ఆ ప్రత్యూష ఏమైపోయింది?"

"గేటు దగ్గర ఉందండి."

ఆయన నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయారు. "చూడండి, మీ మాట మృదువు, చీరకట్టు బాగుంటుంది, పిల్లల తల్లులు మీతో ఇట్టే కలిసిపోతారు. అందుకని పాఠాలతో పాటు ఆ నాలుగు పైపనులూ మీకిచ్చాం. మంచి లెక్చరరన్నాక ఏదైనా చెయ్యగలగాలి కదా. కొత్తవాళ్లకు కొంత టైము పడుతుంది, నేను కాదనను. మేనేజ్‌మెంటే ఆగనంటోంది."

మంచి ఆటగాడన్నాక ఎక్కడైనా ఆడాలి. ఆ మాట ఈ వారంలో వినడం ఆమెకు రెండోసారి.

"టైము వద్దండి," అంది. "ఒక్కటి చేసి చూడండి. వచ్చేవాళ్లకు స్వాగతాలూ, రాని పిల్లల ఇళ్లకు ఫోన్లూ, హాస్టల్ ఆడపిల్లల బాధ్యతా, ఎవరు సెలవు పెడితే వాళ్ల పీరియడూ, ఇవన్నీ వచ్చే యూనిట్ టెస్టు దాకా జయపాల్ గారికి ఇవ్వండి."

జయపాల్ గారు కెమిస్ట్రీలో సీనియర్ లెక్చరర్. ఊళ్లో ఆ కాలేజీ హోర్డింగుల మీద కనిపించేది ఆయన బొమ్మే.

"జయపాల్‌కా?" బసవపున్నయ్య గారు కుర్చీలో ముందుకు జరిగారు. "భలేవారమ్మా. ఆయన మన మొదటి బ్యాచ్ నుంచీ ఉన్నవాడు. అవన్నీ ఆయన నెత్తిన పెడితే ఆయన రిజల్టు దెబ్బతినిపోదూ?"

అన్నాక ఆయనే ఆగిపోయారు. ఆ మాటకు ప్రత్యూష కలపవలసింది ఏమీ లేదు.

"నేను రాజీనామా ఇవ్వడం లేదండి," అంది. "ఇవాళ్టి నుంచి క్లాసులో ఉంటాను, ల్యాబులో ఉంటాను. గేటు దగ్గర ఉండను. పంపించదలుచుకుంటే, గేటు దగ్గర నిలబడనన్నదని కారణం రాసి పంపించండి."

ఆయన ఔననలేదు, కాదనలేదు. కాఫీ మాత్రం తెప్పించలేదు.

వరండాలో నడుస్తూనే ఫోన్ తీసి, భర్త టైపు చేసి పంపిన రాజీనామా చెరిపేసింది. బిల్లింగు కౌంటరు ఖాళీ సంగతి సాయంత్రం చెప్పాలి. ఆ ఖాళీ దుకాణానిది, తనది కాదు. ఆ మాటకు ఇంట్లో ఎలాంటి మౌనం పడుతుందో ఆమెకు తెలుసు. మిఠాయి పొట్లం రాదు. అయినా చెప్పాలి. మధ్యాహ్నం దాకా పాఠం చెప్పింది. గేటు దగ్గర ఎవరు నిలబడ్డారో కనుక్కోలేదు.

ల్యాబులో గాజు గొట్టాలు కడిగి బోర్లించాక ఫోన్ చూసుకుంది. దుకాణం నుంచి దుర్గాశంకర్ మెసేజ్ వచ్చి ఉంది: "సిల్వానోకి ఏమైంది? పాతవాళ్లని కూడా తొక్కేస్తున్నారా వీళ్లు?"

ఆమె చేతులు తుడుచుకుని మ్యాచ్ ఫలితం తెరిచింది. రింగు కింద యాంకో ఇరుజట్లలోనూ అందరికంటే బాగా ఆడాడు. సిల్వానో, జట్టు పుట్టిన రోజు నుంచీ ఉన్నవాడు, యాంకో నిలబడిన చోట నిలబడి, అచ్చం అన్నాళ్లూ యాంకో ఆడినట్టే, చేతులు పడిపోయినవాడిలా ఆడాడు.