కండక్టరు చెప్పిన ఔట్

సాఫ్ట్‌బాల్ ఆటకు అంపైర్లు దొరకడం లేదు. ఆడపిల్లలున్నారు, బ్యాట్లున్నాయి, బంతులున్నాయి, మైదానం గీతకు అవతల నిలబడి గొంతు చించుకోవడానికి తల్లిదండ్రులు కావలసినంతమంది ఉన్నారు. మధ్యలో నిలబడి ‘ఔట్’ అనో ‘సేఫ్’ అనో చెప్పే మనిషికే కరువొచ్చింది. రాదా మరి? ఆదివారం పూట హాయిగా ఇంట్లో పడుకోక, ఎండలో మూడు గంటలు నిలబడి ఊరందరి చేతా తిట్లు తినడానికి ఎవరికి పట్టింది చెప్పండి!

మొదట్లో ముగ్గురుండేవారు. ఒకాయనకు మోకాళ్లు మొరాయించాయి. ఒకాయన బదిలీ మీద వేరే ఊరు వెళ్లిపోయాడు. మూడో ఆవిడ బ్యాంకు ఉద్యోగి. నోట్లో నాలుక లేని మనిషి. ఒక ఆదివారం ఆట మధ్యలో, జనం అనరాని మాటలంటుంటే, మొహానికున్న మాస్కు తీసి బ్యాటరు ముందు నేల మీదుండే హోమ్ ప్లేట్ అనే పలక మీద పెట్టి, “మీకూ మీ ఆటకూ ఓ దణ్ణం” అని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ వైపు తొంగి చూడలేదు.

ఆటల టీచరు రెండు జట్ల తల్లిదండ్రులనూ బడిలో కూర్చోబెట్టింది. “ఎర్రజట్టుకీ నీలంజట్టుకీ ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి. మీలో ఎవరైనా అంపైరుగా వస్తే సరే. లేదంటే ఈ ఏడాదికి చాప చుట్టేద్దాం” అంది.

అంతే! అంతసేపూ గలగలలాడిన గది చప్పున చల్లబడింది. ఒకరు ఫోను చూసుకున్నారు, ఒకరు చెప్పులు చూసుకున్నారు. సిటీ బస్సు కండక్టరు కూడా ముందు తన చెప్పులే చూసుకున్నాడు. అబద్ధమెందుకు? కానీ పక్క కుర్చీలో ఆయన కూతురుంది. ఇంట్లో ఏ పేరు పెట్టుకున్నారో గానీ, బంతి విసిరే తీరు చూసి ఎర్రజట్టంతా ‘పిడుగు’ అనే పిలుస్తారు. వచ్చే నెలకు ఆ పిల్లకు పద్నాలుగు నిండుతాయి. పద్నాలుగు దాటిన ఆడపిల్లలకు ఆ ఊళ్లో సాఫ్ట్‌బాల్ జట్టంటూ లేదు. ఆడితే ఈ రెండు మ్యాచ్‌లే, ఆ తర్వాత గ్లవ్ అటక ఎక్కవలసిందే. పిల్ల ఒళ్లో పెట్టుకున్న గ్లవ్‌ను రెండు చేతులా పిసుకుతూ కూర్చుంది.

అది చూసి కండక్టరు లేచి నిలబడ్డాడు. “నేను చేస్తానండీ.”

వెనక వరసలోంచి మందుల షాపాయన అందుకున్నాడు. ఆయన కూతురు నీలంజట్టులో ప్లేటు వెనక బంతి పట్టే క్యాచరు. “మీ అమ్మాయి ఆడుతోంది కదండీ! తండ్రే అంపైరైతే ఇంకేముంది?”

“పోనీ మీరు చేస్తారా?” అని టీచరు అడిగింది.

“అబ్బెబ్బే, నాకు షాపుంది.”

“మరైతే కూర్చోండి.”

వారం రోజులూ కండక్టరుకు అదే యావ. బస్సు ఆఖరి స్టాపులో ఆగినప్పుడల్లా రూళ్ల పుస్తకం తీసి చదువుకున్నాడు. ఇంటికొచ్చి నేల మీద సుద్దముక్కతో హోమ్ ప్లేట్ గీసి, టీచరిచ్చిన చిన్న బ్రష్షుతో ఎలా తుడవాలో సాధన చేశాడు. భార్య గుమ్మానికి ఆనుకుని చూసి, “పెళ్లై పదహారేళ్లయింది, ఇంట్లో చీపురు పట్టుకున్న పాపాన పోలేదు. పనిలో పని, ఆ మూల కూడా తుడిచెయ్యండి” అంది. పిడుగు పకపకా నవ్వింది.

మొదటి మ్యాచ్ మొదలైన అయిదు నిమిషాలకే కండక్టరు పరువు పోయినంత పనైంది. బంతి బ్యాటుకు తగిలి పైకి లేవగానే, ఇరవై రెండేళ్ల అలవాటు కదా, జేబులో ఉన్న బస్సు విజిల్ తీసి గట్టిగా ఊదేశాడు. పరిగెత్తే పిల్లలంతా ఉన్నచోటే కొయ్యబారిపోయారు. టీచరు వచ్చి చెయ్యి చాపింది. ఆయన బుద్ధిగా విజిల్ ఆవిడ చేతిలో పెట్టాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆ తర్వాత మాత్రం బాగానే చేశాడు. కేకలంటారా, అవి ఆయనకో లెక్కా? బస్సు ఆలస్యమైతే తిట్లు, ఆపకపోతే తిట్లు, ఆపితే ఎందుకు ఆపావని తిట్లు. గీతకు అవతల ఎవరేమన్నా, “కొంచెం వెనక్కి జరగండి, వెనక్కి జరగండి” అనేవాడు. వాళ్లు జరిగేవారు కూడా!

ఇక్కడ ఆయన గురించి ఒక్క సంగతి చెప్పాలి. సొంతవాళ్లు తన బస్సెక్కితే కండక్టరు వాళ్లను కూర్చోనిచ్చేవాడు కాదు. సీట్లు సగం ఖాళీగా ఉన్నా సరే, భార్యా కూతురూ కడ్డీ పట్టుకుని నిలబడవలసిందే. ‘పెళ్లానికి సీటాపాడు’ అని ఒక్కరూ వేలెత్తి చూపకూడదు. అదీ ఆయన పంతం. ఆ మాట పదిమందిలో గర్వంగా చెప్పుకునేవాడు కూడా.

ఆఖరి ఇన్నింగ్స్‌లో ఎర్రజట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఇద్దరు ఔటయ్యారు, మూడో ఔటుతో ఆట ముగిసినట్టే. మూడో బేస్ మీద పిడుగుంది. తోటిపిల్ల బంతిని కొట్టగానే హోమ్ ప్లేట్ వైపు లగెత్తింది; బంతి ఉన్న గ్లవ్ ఒంటికి తగిలేలోగా కాలు ప్లేటుకు తగిలితే సేఫ్, పరుగొచ్చినట్టే. దూరాన్నుంచి బంతి కూడా బయలుదేరింది. క్యాచరు బంతిని అందుకుంది, పిడుగు నేల మీదికి జారింది, దుమ్ము లేచింది. కండక్టరు వంగి చూస్తున్నాడు. కూతురి కాలు ప్లేటుకు తగలడం చూశాడు. క్యాచరు గ్లవ్ ఇంకా జానెడు దూరంలో ఉండడం కూడా చూశాడు.

“ఔట్!” అన్నాడు.

కళ్లు చూసింది ఒకటి, నోరు అన్నది ఇంకొకటి. మాట నోరు దాటిపోయింది. అప్పటికే చప్పట్లు మోగుతున్నాయి. మందుల షాపాయన గీత దాటొచ్చి మరీ ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. “శభాష్! అంపైరంటే మీరండీ. కన్నకూతుర్ని కూడా వదల్లేదు!” ఎర్రజట్టు ఓడిపోయింది. పిడుగు లేచి, మోకాళ్లు దులుపుకుని, తండ్రి వంక ఒక్కసారి చూసి, బెంచీ దగ్గరికి వెళ్లిపోయింది. ఏడవలేదు, పేచీ పెట్టలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది ఆయనకు.

సాయంత్రం ఆ పిల్ల పెరటి మెట్ల మీద కూర్చుని ఆడుకునే బూట్లు తోముకుంటోంది. ఆయన నాలుగుసార్లు గుమ్మం దాకా వచ్చి నాలుగుసార్లూ వెనక్కి వెళ్లాడు. అయిదోసారి వచ్చి పక్కన కూర్చున్నాడు.

“నీ కాలే ముందు తగిలింది.”

“తెలుసు.”

“మరి అప్పుడే అనొచ్చుగా?”

“అంపైర్‌తో వాదించకూడదని టీచర్ చెప్పింది.” బూటు తిప్పి రెండో వైపు తోమింది. “నాకు కొత్తేం కాదులే నాన్నా. నీ బస్సులో కూడా అంతేగా. ఒకసారి నాకు జ్వరంగా ఉంది, గుర్తుందా? వెనక సీటంతా ఖాళీ. అయినా నిలబెట్టావు.”

ఆయనకు గుర్తు లేదు. అదే ఎక్కువ బాధనిపించింది. “మనవాళ్లని వెనకేసుకొస్తున్నానని నలుగురూ అనుకుంటారని భయం తల్లీ.”

“నలుగురూ ఏమనుకుంటారో చూసుకున్నావు. మరి నేనేమనుకుంటానో?”

ఆయన రెండో బూటు అందుకున్నాడు. దాని మట్టి గోటితో గీకుతూ, “పోనీ, మానేస్తాను. టీచరు ఇంకెవరినైనా వెతుక్కుంటుంది” అన్నాడు.

“ఎవరూ లేరుగా! నువ్వు మానేస్తే ఆటే ఉండదు. నాకు సీటేం ఆపక్కర్లేదు నాన్నా. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు.”

ఆ వారమంతా బస్సులో ఆయనకు పొగడ్తలే. ‘కూతుర్నే ఔటిచ్చాడటగా’ అని ఎక్కే ప్రతి తెలిసినవాడూ భుజం తట్టడమే. ప్రతి తట్టుడుకూ ఆయన మొహం ముడుచుకుపోయేది. ఆదివారం ఆట మొదలవకముందే టీచరు దగ్గరికి వెళ్లి, “పోయినవారం నేను తప్పు చెప్పానండీ. మా అమ్మాయి సేఫ్” అన్నాడు.

టీచరు ఆయన వంక తేరిపార చూసింది. “స్కోరు ఇప్పుడు మారదండీ. ఇవాళ చూసింది చూసినట్టు చెప్పండి” అంది.

ఆవేళ సగం ఆట అయ్యాక పిడుగు మళ్లీ మూడో బేస్ నుంచి దూసుకొచ్చింది. అదే దుమ్ము, అదే క్యాచరు, అదే గ్లవ్. ఈసారి ఆయన గీత అవతలి జనం వైపు చూడలేదు. కూతురి మొహం కూడా చూడలేదు. ఒక కాలూ, ఒక గ్లవ్వూ, అంతే. రెండు చేతులూ పక్కలకు చాపాడు.

“సేఫ్!”

ఇక చూడండి! “అద్గదీ, బయటపడింది అసలు రంగు!” అని మందుల షాపాయన అరిచాడు. “కూతురి కోసమేగా వచ్చింది!” అని ఒకరు, “పోయినవారం అంతా నాటకం!” అని మరొకరు. నీళ్ల సీసా ఒకటి ఎగిరొచ్చి ఆయన కాళ్ల దగ్గర పడింది. భుజం తట్టిన చేతులే ఇప్పుడు పిడికిళ్లయ్యాయి. వెనక్కి జరగండి అని ఒకసారి అన్నాడు గానీ ఎవరూ జరగలేదు. బస్సులో తిట్టేవాళ్లు తరువాతి స్టాపులో దిగిపోతారు. వీళ్లు రేపు కూడా ఈ ఊళ్లోనే ఉంటారు.

పిడుగు ప్లేటు మీదే నిలబడిపోయింది. పోయినవారం చుక్క కన్నీరు రాల్చని పిల్ల, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని దగ్గరికొచ్చింది. “టైమ్” అంది చిన్నగా. ఆయన చెయ్యెత్తి ఆట ఆపాడు.

“పద నాన్నా, ఇంటికెళ్లిపోదాం. నాకీ ఆట వద్దు. నిన్నిలా అంటుంటే నేను వినలేను.”

“కాలు ముందు తగిలిందా లేదా?”

“తగిలింది.”

“నీకు తెలుసు. నాకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి?” మాస్కు పైకెత్తి, చొక్కా చేతితో పిల్ల మొహం తుడిచాడు. “ఇంత ఎండలో ఎందుకు నిలబడ్డాననుకున్నావే పిచ్చితల్లీ? నువ్వు ఆడుతుంటే చూద్దామని. ఆట వద్దని ఇంకెప్పుడూ అనకు. వెళ్లు, మీ జట్టు పిల్ల బ్యాటు పట్టుకుని కాచుకునుంది.”

పిడుగు ముక్కు ఎగబీల్చి, తలూపి, బెంచీ వైపు నడిచింది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. కండక్టరు మాస్కు గబగబా కిందికి దించుకున్నాడు. లోపల కళ్లు మసకబారుతున్నాయి, మాస్కులోపలికి చెయ్యి పెట్టి తుడుచుకోవడం కుదరలేదు. అవతల కేకలు ఆగలేదు.

“ప్లే” అన్నాడు. ఎవరికీ వినబడలేదు. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు.