నలభై గ్రాముల లోపు

పరీక్ష ఫారంలో చివరి గడి దగ్గర టిక్కు పెట్టింది అమ్మే. ‘మీ వివరాలు కాలేజీలకు ఇవ్వవచ్చునా?’ అని అడిగితే ఎవరు మాత్రం వద్దంటారు? ఆ ఒక్క టిక్కుతో ఇంట్లో మనశ్శాంతి కరువైంది. అమ్మాయి చదివేది ఇంకా పదకొండో తరగతే. అయినా రోజుకు అయిదారు కవర్లు వచ్చి పడేవి. నవ్వే పిల్లల బొమ్మలు, పచ్చగడ్డి మీద తెరిచిన పుస్తకాలు, ‘మీలాంటి ప్రతిభావంతుల కోసమే చూస్తున్నాం’ అన్న మాటలు. మొదటి వారం అది నిజమేననుకుని నాన్న ఆఫీసులో చాక్లెట్లు పంచాడు. పక్కింటి డాక్టరుగారి అబ్బాయికీ అదే కవరు, అదే మాట వచ్చిందని తెలిశాక రెండు రోజులు ముఖం మాడ్చుకు తిరిగాడు.

నాన్న పార్సిల్ ఆఫీసులో తూకం గుమాస్తా. ఇరవై రెండేళ్ళుగా జనం తెచ్చినవి కాటా మీద పెట్టడమే అతని పని. దేన్నయినా చేత్తో పట్టుకుంటే చాలు, ఎన్ని గ్రాములో చెప్పేస్తాడు. అక్కడ అందరూ అతన్ని తూకం మాస్టారంటారు. అలాంటి మనిషి ఇంట్లో కవర్లు గుట్టలు పడితే ఏం చేస్తాడు? తూచాడు.

“ఖర్చుపెట్టి ఇంత లావు పుస్తకం పంపాడంటే వాడికి మన పిల్ల మీద నిజంగా గురి ఉన్నట్టే. ఒక్క కాగితం పంపినవాడు ఊరందరికీ పంపుంటాడు,” అన్నాడు.

నలభై గ్రాములు దాటినవి అలమరాలోకి వెళ్ళేవి. తక్కువైనవి తెరవకుండానే పాత కాగితాల సంచిలో పడేవి. ఆ సంచి ప్రతి శనివారం ఇల్లు దాటేది. లావు పుస్తకాల్లోని చివరి తేదీలన్నీ అమ్మ ఎర్రసిరాతో కాలెండరులో ఎక్కించేది. చివరికి అసలు తేదీలే కనబడకుండా పోయాయి.

ఇంత చేస్తున్నా అమ్మాయిలో చలనం లేదు. సాయంత్రం బడి నుంచి రాగానే “నాకేమైనా వచ్చిందా?” అని ఒక్క మాట అడిగేది. నాన్న గర్వంగా అలమరా తెరిచేవాడు. అట్టలు చూసి గదిలోకి వెళ్ళిపోయేది. నెల రోజులుగా సరిగా తినడం కూడా మానేసింది.

“దీనికి దేని మీదా మనసు లేదండీ. ముందుముందు ఏమైపోతుందో,” అనేది అమ్మ, కుట్టుమిషను ఆపి. ఆమె ఎడమ చెవి ఏనాడో జ్వరంలో పోయింది. కుడిచెవి సగమే పనిచేస్తుంది. నాన్న ఆ పక్కకి వచ్చి గట్టిగా “నేనున్నాగా!” అనేవాడు. అనేవాడే గానీ, అతనికీ లోపల గుబులుగానే ఉండేది.

గురువారం అతనికి సెలవు. మధ్యాహ్నం మూడింటికి ఫోను మోగింది.

“చెవివైద్యం కాలేజీ నుంచండీ. వేసవి శిక్షణకి మీ అమ్మాయిని ఎంపిక చేశాం. కార్డు పంపి నెలయింది, జవాబు లేదు. ఇవాళ అయిదింటితో గడువు అయిపోతుంది,” అంది ఒకావిడ.

“ఎంపికా? మేమేమీ అడగలేదే!”

“మీ అమ్మాయే రాసిందండీ, నాలుగు పేజీల ఉత్తరం. వాళ్ళమ్మగారి చెవుల గురించీ, మీ ఇంటి గురించీ. మా మేడం దాన్ని అందరికీ చదివి వినిపించారు.”

“ఆ కార్డు… ఎంతుంటుందండీ?”

“ఎంతేమిటండీ? చిన్న కవర్లో తెల్ల కార్డు. అంతే.”

నాన్న చూపు పాత కాగితాల సంచి మీద పడింది. “వస్తుందండీ, తప్పకుండా వస్తుంది! నేను చెప్తున్నాగా!” అన్నాడు.

“తనే చెప్పాలండీ. పెద్దవాళ్ళ మాట మేం రాసుకోం. వాళ్ళు తోసేస్తే వచ్చి, ఏడుస్తూ కూర్చునే పిల్లల్ని చాలామందిని చూశాం.”

ఫోను పెట్టేసి, అమ్మ కుడిచెవి దగ్గర సంగతంతా చెప్పాడు. అమ్మ పరుగున వెళ్ళి సంచి నేల మీద గుమ్మరించింది. అందులో ఉన్నవి ఈ వారం కవర్లే. ఆ కార్డు ఎప్పుడో పోయింది.

“నిలబడతారేంటి, వెళ్ళండి! పోస్టులో పోయిందని మాత్రం దానికి చెప్పకండి. చెప్పారో, నేను ఊరుకోను,” అంది.

అమ్మకెలా తెలిసిందో గానీ, దారంతా అతని నోట్లో నానింది ఆ మాటే. పోస్టులో పోయింది. రెండు ముక్కలంటే గండం గట్టెక్కుతుంది. ఎవరడుగుతారు? బడి గేటు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ పదిసార్లు అనుకున్నాడు. నాలుగుంబావుకి పిల్లలు బయటికొచ్చారు. తండ్రిని చూసి అమ్మాయి నిలబడిపోయింది.

“అమ్మకేమైంది?”

“అమ్మ బాగానే ఉంది. నీకు కార్డొచ్చిందమ్మా, చెవివైద్యం కాలేజీ నుంచి. నిన్ను తీసుకున్నారు. నేనే… తేలిగ్గా ఉందని తెరవకుండా పారేశాను.”

ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

“నెల రోజుల్నుంచీ వాళ్ళు నన్ను వద్దన్నారనుకుంటున్నా నాన్నా,” అంది.

అతను సిగ్గుతో చచ్చిపోయాడు. ఫోను తీసి నంబరు కలిపి ఇచ్చాడు. తిట్టనీ, నలుగురిలో తిట్టనీ, తను చేసినదంతా వాళ్ళకి చెప్పనీ అనుకున్నాడు.

“కార్డు అందిందండీ. జవాబివ్వడంలో నేనే ఆలస్యం చేశాను. క్షమించండి. వస్తాను,” అంది అమ్మాయి.

అవతల ఆవిడ ఏదో చెప్పింది. అమ్మాయి కన్నీళ్ళు తుడుచుకుంటూనే నవ్వి, ఫోను తిరిగి ఇచ్చింది.

“నా తప్పని చెప్పాల్సింది కదే,” అన్నాడు నాన్న.

“నీ గురించి ఆ ఉత్తరంలో ఇప్పటికే రెండు పేజీలు రాశాను. ఇంక చాల్లే,” అని సంచి భుజానికి సర్దుకుంది. “రేపట్నుంచి నా పేరున వచ్చినవి నేనే తెరుస్తా.”

అతను సరేనని తలూపాడు. ఆ రెండు పేజీల్లో ఏం రాశావని అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదు.