చచ్చిన చెట్లు నావి

మిరపకాయ బజ్జీల రెండో వాయి నూనెలో వేస్తుంటే హాల్లోంచి మా ఆయన చక్రధర్ గొంతు వినిపించింది. “మా ఆవిడ చెట్లన్నీ పురుగు తినేసిందండీ. ముందే అనుకున్నా, ఈ అడవుల గొడవ మనకెందుకని.” వీకెండ్‌కి వచ్చిన అతని ఆఫీస్ ఫ్రెండ్ హర్షవర్ధన్ నవ్వాడు. అత్తగారూ నవ్వారు. చిల్లుల గరిటె పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను.

కొన్నేళ్ళ కిందట, అప్‌స్టేట్ న్యూయార్క్‌లో ఆ అడవి ముక్క కొన్నప్పుడు అది చక్రధర్ నోట “నా ల్యాండ్”. మేముండే న్యూజెర్సీ పార్సిప్పనీలో ఎవరింటికి భోజనానికెళ్ళినా ఫోన్ తీసి ఫొటోలు చూపించేవాడు. “యాష్ చెట్లు బాసూ, బేస్‌బాల్ బ్యాట్లు వీటితోనే చేస్తారు. నీళ్ళు కూడా పొయ్యక్కర్లేదు.” డౌన్ పేమెంట్ నా బోనస్‌లేనన్న మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లోన్‌కి నా జీతం కూడా కావలసొచ్చింది కాబట్టి డీడ్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

మరుసటేడు ముసలి ఫారెస్టర్ ఒకాయన వచ్చి, పక్క కౌంటీలోకి ఆకుపచ్చ పెంకుపురుగు దిగిందని చెప్పాడు. దాని పిల్లపురుగులు బెరడు కింద తొలుచుకుంటూ పోతాయట. పైకి చెట్టు ఒకటి రెండేళ్ళు పచ్చగానే కనిపిస్తుందట. ఆరోగ్యంగా ఉన్నప్పుడే యాష్ అమ్మేయండి, ఎండటం మొదలైతే కలప పెళుసైపోతుంది, మిల్లువాళ్ళు ముట్టుకోరు అన్నాడు. ప్రశ్నలన్నీ నేను అడిగాను, జవాబులన్నీ ఆయన చక్రధర్‌కి చెప్పాడు. చక్రధరేమో ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటున్నాడు. తిరిగొస్తూ కార్‌లో, “హోల్డ్ చేద్దాం. మా బావ కోకాపేటలో ప్లాట్ తొందరపడి అమ్మేసి ఇప్పటికీ ఏడుస్తున్నాడు” అన్నాడు. ప్లాటుకి పురుగు పట్టదన్నాను. రేడియో సౌండ్ పెంచాడు.

ఆ తరవాత అక్కడికి వెళ్ళింది నేనొక్కదాన్నే. అతనికి శనివారాలు క్రికెట్. హద్దు చెట్ల మీద వెలిసిపోయిన రంగు గుర్తులు మళ్ళీ వేశాను, దారికడ్డంగా పడిన కొమ్మలు లాగాను, ఇంటికొచ్చి ఒంటి మీద రక్తం పీల్చే టిక్స్ ఏరుకున్నాను. ఇంట్లో దీన్ని “భాను పిక్నిక్” అనేవాళ్ళు. నిజానికి నాకది ఇష్టమే. ఈ దేశంలో నన్నెవరూ కాఫీ అడగని చోటు అదొక్కటే. పెద్ద మేపుల్ చెట్టు కింద బండ మీద కూర్చుని, ఎవరికీ వడ్డించే పని లేకుండా, డబ్బాలో చల్లారిన పులిహోర తినేదాన్ని.

ఒక మార్చిలో చూద్దును కదా, యాష్ చెట్ల పైభాగాన బెరడు లేచిపోయి తెల్లటి మచ్చలు! లోపలి పురుగుల కోసం వడ్రంగిపిట్టలు పొడిచి పొడిచి పెట్టాయి. ఆ రాత్రి భోజనాల దగ్గరే చెప్పాను. “పిట్టలు చెట్టుని పొడవక మనల్ని పొడుస్తాయా?” అన్నాడు చక్రధర్. అప్పుడూ ఆర్నెల్లకని వచ్చి ఉన్న అత్తగారు, “అవన్నీ మగాళ్ళు చూసుకుంటారు కదమ్మా, నీకెందుకు? పిల్లాడికి చారు వెయ్యి” అన్నారు. ఆవిడ పిల్లాడంటే చక్రధరే, నలభై ఎనిమిదేళ్ళవాడు.

మళ్ళీ మళ్ళీ చెప్పాను. వేసవిలో ఏడ్చి మరీ చెప్పాను. ఇంత చిన్నదానికి ఏడుపేమిటన్నాడు. మొన్నామధ్య ఫారెస్టర్‌ని పిలిపించేసరికి యాష్ ఒక్కటీ మిగల్లేదు. పొయ్యిలోకి తప్ప పనికిరావన్నాడు. విరిగి మీద పడతాయని కోసేవాళ్ళు కూడా రామన్నారట. చక్రధర్ నా వైపు తిరిగి, “నువ్వు అప్పుడే గట్టిగా చెప్పాల్సింది, భానూ” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకెంత గట్టిగా చెప్పాలి? ఆ రోజు నుంచే అవి నా చెట్లయ్యాయి. పురుగు పట్టిన చెట్టుతో పోల్చుకుని నా మీద నేనే జాలిపడదామనుకున్నాను, అదీ కుదర్లేదు. చెట్టుకి నోరు లేదు. నాకుంది, వినేవాళ్ళే లేరు.

ఇప్పుడు నష్టం పూడ్చుకోవాలట. పురుగూ పుట్రా లేని మేపుల్స్, చెర్రీలు మొత్తం నరికి తీసుకెళ్ళే పార్టీని పట్టుకొచ్చాడు. కాంట్రాక్ట్ డైనింగ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా పక్కన ఉంది. తన సంతకం అయిపోయింది. నా చోట పసుపు స్టిక్కర్ అంటించాడు. పొద్దున దోసె తింటూ, “చదవక్కర్లేదు, సైన్ చేసేయ్” అన్నాడు.

బజ్జీల పళ్ళెం తీసుకుని హాల్లోకి వెళ్ళాను.

“అయితే మిగతావైనా అమ్మేస్తున్నారన్నమాట” అంటున్నాడు హర్షవర్ధన్.

“మరి నా ల్యాండ్ కదా, నేనే ఏదో ఒకటి చెయ్యాలి. భాను సైన్ చెయ్యడమే లేట్.”

పళ్ళెం టేబుల్ మీద పెట్టాను. “హర్షవర్ధన్ గారూ, చచ్చిన చెట్లు నావేనని మీ ఫ్రెండ్ చెప్పాడుగా. బతికున్నవీ నావే. అమ్మడం లేదు. నేను సైన్ చెయ్యను.”

చక్రధర్ నవ్వబోయి ఆగిపోయాడు. “తరవాత మాట్లాడుకుందాం భానూ. ముందు ఇంకో వాయి వేసి, కాఫీ పెట్టు.”

వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపేశాను. కొక్కేనికున్న కార్ తాళాలు తీసుకున్నాను. చెప్పులేసుకుంటుంటే అత్తగారు గుమ్మం దాకా వచ్చారు.

“ఎక్కడికమ్మా, బజ్జీలు సగంలో వదిలేసి?”

“పిండి కలిపే ఉంది అత్తయ్యా. మీ పిల్లాణ్ణి వేసుకోమనండి.”