ఊగాల్సిన ఫ్యాను

మా ఫ్యాక్టరీ మేనేజరుకు మేము పెట్టుకున్న పేరు సర్దుబాటు. ఏది విరిగినా, ఏది కారినా "సర్దుకుపోదాం లేవయ్యా" అనడం తప్ప ఆయనకు ఇంకో మాట రాదు.

ఈసారి ఆయన కన్ను దుమ్ము లాగే పెద్ద ఫ్యాను మీద పడింది. అది పై అంతస్తులో ఎనిమిది స్ప్రింగుల మీద కూర్చుని, తిరుగుతున్నంతసేపూ కాస్త ఊగుతుంది. ఊగాలి కూడా. దాని అదురు నేలలోకి దిగకుండా ఆపేవి ఆ స్ప్రింగులే. కానీ యజమాని చూడటానికి వస్తున్నాడు, ఊగే యంత్రం కంటికి బాగుండదట! నేను సెలవులో ఉన్న రెండు రోజుల్లో, ప్రతి స్ప్రింగుకూ అడ్డంగా ఇనప పలకలు వెల్డింగ్ చేయించాడు. పైన రేకు తొడుగు బిగించాడు.

నేను తిరిగొచ్చేసరికి ఫ్యాను బుద్ధిమంతుడిలా నిలబడి ఉంది. యంత్రాల అదురు కొలవడమే నా పని. ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ బేరింగుల మీద మీటరు పెట్టాను. అదురు సగానికి తగ్గింది. రూపాయి బిళ్ళను అంచు మీద నిలబెడితే నిలబడింది. తొడుగు ఎందుకని అడగనైనా లేదు. "భేష్" అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు భోజనాల వేళ, సరిగ్గా ఆ ఫ్యాను కిందే ఉన్న ప్యాకింగ్ గదిలో పనిచేసే మా చెల్లి వచ్చింది.

"అన్నయ్యా, మూడు రోజుల నుంచి బల్ల మీద పెట్టిన డబ్బా మూత దానంతటదే జరిగి పడిపోతోంది. నెత్తిన సున్నం రాలుతోంది. చెబితే ఎలుకలేమో అంటున్నారు."

పరుగెత్తాను. గోడ మీద చెయ్యి పెడితే అదురు మోచేతి దాకా పాకింది. దూలం గోడలో కలిసే చోట పెన్సిలు దూరేంత పగులు. దాని కింద పన్నెండు మంది ఆడవాళ్ళు. ఫ్యానును కొలిచాను గానీ, దాన్ని మోసే నేలను కొలవలేదు. నా బుద్ధి గడ్డి తింది.

పైకెళ్ళి తొడుగు పీకి పలకలు చూశాక అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా సర్దుబాటు గదికే వెళ్ళాను.

"ఈ సంతకం నీదే కదయ్యా?" అన్నాడు ఆయన, నా రిపోర్టు ఊపుతూ. "యజమాని ఎల్లుండి వచ్చి వెళ్ళిపోతాడు. అంతవరకూ సర్దుకుపోదాం."

"కప్పు సర్దుకుంటుందా సార్? కూలితే కింద మా చెల్లి ఉంది!"

జవాబు కోసం ఆగలేదు. ఎర్ర బటన్ నొక్కి ఫ్యానును ఆపేశాను. ఆడవాళ్ళందరినీ బయటికి పంపి, పగులు కింద ఇనప ఆసరాలు నిలబెట్టించాను. గ్యాస్ కట్టరుతో ఎనిమిది పలకలూ నా చేత్తోనే కోశాను. ఒక్కో పలక కింద పడుతుంటే ఆయన్నీ తిట్టుకున్నాను, నన్నూ తిట్టుకున్నాను.

ఫ్యాను మళ్ళీ తిరిగింది, ఊగింది. కింద చెల్లి బల్ల మీద రూపాయి బిళ్ళ నిలబెట్టాను. చెల్లి గుమ్మంలోంచి చూస్తూ ఉంది. బిళ్ళ పడలేదు.

సర్దుబాటు నా వెనకే దిగి వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"సరే, అయిందేదో అయింది. పలకల సంగతి నువ్వు ఎత్తకు, సంతకం సంగతి నేను ఎత్తను. ఇద్దరి ఉద్యోగాలూ ఉంటాయి."

నాకూ ఇల్లు గడవాలి. ఒక్క క్షణం ఆ బేరం బాగానే ఉందనిపించింది, అందుకు ఇప్పటికీ నా మీద నాకే మంట. అప్పుడు చెల్లి జుట్టులో ఇంకా అంటుకుని ఉన్న సున్నం కనబడింది.

ఆయన చేతిలోని పాత రిపోర్టు లాక్కుని, దాని మీద అడ్డంగా గీత కొట్టి, పలకలు వేయించింది ఎవరో, చూడకుండా సంతకం పెట్టింది ఎవరో, దూలం ఎంత పగిలిందో వెనకవైపు రాశాను. యజమాని కోసం ఆగలేదు. దాన్ని ప్యాకింగ్ గది తలుపుకే అంటించాను. ముందు చదవాల్సింది ఆ పన్నెండు మందే.