మా వదిన బాప్తిస్మం

నా పేరు బేబీ. అరవయ్యేళ్ళొచ్చినా బేబీయే. నవ్వుకుంటే నవ్వుకోండి, ఆ పేరు పెట్టింది మా వదిన ఎలీసమ్మ. నన్ను కని మా అమ్మ సచ్చిపోతే, కొత్త కోడలుగా వచ్చిన వదినే నన్ను సంకనెత్తుకున్నాది. మా అన్న సత్యరాజు నౌపడ ఉప్పుమళ్ళలో పనికెల్లి నెలకోపాలి వచ్చీవోడు. ఇల్లంతా ఆవిడ నెత్తి మీదే.

మా యేసు గుడి పనీ ఆవిడదే. ఊడ్సడం, సాపలు పరవడం, నెలకోపాలి ప్రభువు బల్లకి రొట్టె ముక్కలు కొయ్యడం, సిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పొయ్యడం, అయ్యాక కడిగి తుడిసి పెట్టడం. యాభయ్యేళ్ళలో ఒక్క గ్లాసు పగల్నేదు. ఆ రొట్టె, రసం పళ్ళెంలో పెట్టి వరసల్లో పంచీటప్పుడు మాత్రం ఎనక గుమ్మం కాడ ఎవరి సంటిపిల్లనో ఆడిస్తా కూకునీది. నాను ముందు వరసలో పాటలెత్తీదాన్ని. ఎనక్కి తిరిగి సూడాలని ఎప్పుడూ తట్టనేదు.

రెండువేల పదిహేనులో సంఘపోళ్ళు వదినకి శాలువా కప్పుదామనుకున్నారు. కొత్తగా వచ్చిన పాస్టరు ఫిన్నీ అయ్యగారు, ఆవిడ బాప్తిస్మం తేదీ సదువుదామని సంఘం పుస్తకం తీసేరు. పేరు నేదు. మూడుపాలీలు తిరగేసేరు, నేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు.

"సరిగ్గా సూడండి బాబూ, మీరు పుట్టకముందు నుంచి ఈ గుడి ఊడుస్తన్నాది" అన్నాను.

వదిన నా సెయ్యి పట్టుకుని కూకోబెట్టింది. "నేదులే అమ్మా. నాను ములగనేదు" అన్నాది.

మా బాప్టిస్టోళ్ళలో నీళ్ళల్లో ములిగితేనే సంఘంలో కలిసినట్టు. అప్పుడే బల్ల ముట్టాలి, అంటే ఆ రొట్టె, రసం తీసుకోవాలి. నెత్తిన సిలకరిస్తే సెల్లదు.

ఇంటికెల్లీదాకా ఆగనేక దారిలోనే అడిగీసేను. "ఏటి వదినా ఇది?"

"మొదటిపాలి తెల్లసీర కట్టుకుని రేవులో నిలబడ్డాను. నీకు ఆటలమ్మ పోసిందని కబురొచ్చింది. మరుసటేడు మావ మంచాన పడ్డాడు. ఆ తర్వాత నీ పురుడు. మరింక సిగ్గేసీసింది. ఎవరూ అడగనూ నేదు."

"అన్నేళ్ళు గ్లాసులు కడిగేవు, ఒక్క సుక్క నోట్లో ఏసుకోనేదేటి?"

"ములక్కుండా ఎలాగమ్మా" అన్నాది, నాకేదో తెలీనట్టు.

ఆ మర్నాడే అయ్యగారి ఎనకబడి, వచ్చే నెలకి రోజు పెట్టించేను. కళింగపట్నం కాడ, వంశధార సముద్రంలో కలిసే సోట. కొత్త తెల్లసీర కొన్నాను. "ఈపాలి ఎవులికి ఏటయినా ఆగకు" అని మాట తీసుకున్నాను.

ఆ ఆదివారం తెల్లారీసరికి నాకే జొరం. ఒళ్ళు పెనంలాగ కాలతంది. బిళ్ళ మింగి, మొకానికి పౌడరు రాసుకుని, ఆటోలో ఓ మూలకి ఒదిగి కూకున్నాను, వదిన సెయ్యి తగలకుండా. రేవు కాడ దిగితే కాళ్ళు తూలిపోనాయి. వదిన పట్టుకున్నాది.

"ఒలే, కాలిపోతన్నావు గదే."

"నువ్వెల్లు. అయ్యగారు నీళ్ళల్లో నిలబడి సూస్తన్నారు. నిముసం పని" అన్నాను. ఎల్లకపోతే నీ సేతి కూడు తిననని తిట్టేను. ఆవిడ రెండడుగులేసింది. అంతే, నా కళ్ళు బైర్లు కమ్మీసేయి.

కళ్ళు తెరిసీసరికి ఆస్పత్రి మంచం మీదున్నాను. నా తల వదిన ఒళ్ళో ఉన్నాది. సెయ్యి సాపి ఆవిడ సీర తడిమేను. పొడిగా ఉన్నాది.

"వచ్చే నెల ములుగుతాలే" అన్నాది.

పదకొండో నాడు నాకు గంజి కాస్తా వదిన పొయ్యి కాడే ఒరిగిపోయింది, మరి లెగనేదు.

ఒళ్ళు కడగడానికి ఆడోళ్ళు బోరింగు నీళ్ళు తెచ్చేరు. వద్దన్నాను. రేవు నుంచి బిందెలతో నీళ్ళు తెప్పించి, తల మొదలు కాళ్ళ దాకా నానే పోసేను. ఆ తెల్లసీరే కట్టేను. అయ్యగారు నా పక్కకొచ్చి, "బేబమ్మా, ఇది బాప్తిస్మం కాదు కదమ్మా" అన్నారు మెల్లగా.

"నాకు తెలుసండి" అన్నాను. తెలిసే పోసేను. సన్నీళ్ళు ఆవిడకి పడవని బతికినన్నాళ్ళూ ఏడినీళ్ళు కాసిచ్చిన నాను, ఆ రోజు సన్నీళ్ళే పోసేను. ఏడుపు ఆగనేదు.

బల్లిచ్చే మొదటాదివారం వచ్చింది. గ్లాసులు నానే కడిగి, రసం పోసేను. ముందు వరసలో కూకోబుద్ధి కానేదు. ఎనక గుమ్మం కాడ, వదిన సోట్లో కూకుని ఎవరిదో ఏడుస్తన్న పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాను. పళ్ళెం ఒక్కో వరసా దాటుకుంటా వచ్చింది. ఆఖరి వరస కాడ తిరిగి ముందుకెల్లిపోనాది. ఆ గుమ్మం దాకా అదెప్పుడూ రాదని నాకా రోజు తెలిసింది.