సాలలో నీలం చీర

"లచ్చనమ్మ అన్నాదట," అంటూ మొదలుపెట్టింది అత్త సుభద్రమ్మ, పాల కేంద్రం నుంచి ఖాళీ క్యాను ఊపుకుంటూ పశువుల సాలలోకి వస్తూనే. "పాల కేంద్రం కాడ దానమ్మ సెప్పింది. దేవేంద్ర పెళ్ళాం ముప్పైనాలుగేళ్ళకి కాలేజీకెల్తాదట, ఇంక ఆ దేవేంద్రే పొద్దున్న లేసి తల్లికీ కూతురికీ జడలేసి, కేరేజీలు కట్టి, బస్సెక్కించాల అని. నలుగురూ ఒకటే నవ్వట."

గంగ అనే ఆవు కింద పేడ ఎత్తుతున్న కోడలు ఝాన్సీ ఇంకో తట్ట నింపింది. మగాడు జడలు వేయడమే ఊరికి నవ్వు. ఇంటి కోడలు పదిహేనేళ్ళుగా నాలుగున్నరకి లేచి, సాల ఊడ్చి, పాలు పితికి, వండి, కూతురు యమునని బడికి పంపి, తొమ్మిదింటికి ఎస్.కోటలో కాంట్రాక్టరు ఆఫీసులో కూర్చుని, సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ ఇదే ఆవు కిందికి చేరితే అందులో నవ్వడానికి ఎవరికీ ఏమీ కనిపించలేదు.

పెళ్ళికి ముందు ఆమె పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసింది. ఆఫీసులో రోడ్లకీ కల్వర్టులకీ అంచనాలన్నీ ఆమే వేస్తుంది. కింద సంతకం మాత్రం బీటెక్ చదివిన యుగంధర్‌ది. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు. "మేడమ్, మీ చేత్తో ఓ టీ ఇవ్వండి" అనడం అతనికి మర్యాద. కిందటేడు గెడ్డ వాగు మీద కల్వర్టుకి తూములు చాలవు, ఇంకోటి వెయ్యాలి అని ఆమె చెప్పింది. "ఎందుకు చాలవో లెక్క చూపించండి" అన్నాడతను. చిన్నప్పటి నుంచీ ఆ గెడ్డ దాటి బడికెళ్ళిన మనిషి ఆమె. వానాకాలం నీళ్ళు ఎంత ఎత్తున వస్తాయో మోకాళ్ళకీ నడుముకీ తెలుసు. కాగితం మీద చూపించడం మాత్రం తెలియదు. ఆ లెక్క డిప్లొమాలో లేదు. అక్టోబరు వానకి రోడ్డు కొట్టుకుపోయింది. "అంచనా వేసింది మేడమే కదా సార్" అన్నాడు యుగంధర్ కాంట్రాక్టరుతో, అందరి ముందూ.

ఆ రోజే పాత పుస్తకాలు అటక మీంచి దించింది. అన్నం ఉడికేలోపు ఒక లెక్క, బస్సులో ఇంకో లెక్క. డిప్లొమా వాళ్ళు నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే ప్రవేశ పరీక్ష రాసింది. ర్యాంకు బాగానే వచ్చింది. ఆన్‌లైన్లో పెట్టాల్సిన కాలేజీల వరసలో మొదట విజయనగరంలో యూనివర్సిటీ కాలేజీ పెట్టింది. అక్కడ నీటి ప్రవాహాలు కొలిచే ల్యాబు ఉంది. ఒకసారి బయట నిలబడి కిటికీలోంచి చూసింది. అద్దాల కాలువలో నీళ్ళు పారుతుంటే పిల్లలు స్కేళ్ళు పెట్టి కొలుస్తున్నారు. తన గెడ్డని ఎవరో గదిలో పెట్టి లెక్కలు నేర్పుతున్నట్టే అనిపించింది.

లచ్చనమ్మ మాట ఇంటికొచ్చిన రాత్రే అన్నం దగ్గర దేవేంద్ర చాలా మంచి పని చేసినవాడిలా చెప్పాడు. "నీ ఆప్షన్లు నేను మార్సీసేను. ఓటీపీ నా ఫోనుకే వస్తాది కదా. కొత్తవలస రోడ్డులో కాలేజీ ముందుకెట్టేను. బస్సు మనూరి ముందే ఎక్కొచ్చు, దిగొచ్చు. వారానికి రెండ్రోజులు మొకం సూపిస్తే సాలట, మిగతా హాజరు ఆలే ఏసేస్తారు. ఉజ్జోగం పోదు, డిగ్రీ వస్తాది, పాలయేలకి ఇంటికాడుంటావు."

"నాకు డిగ్రీ కాగితం కాదు బావ, సదువు కావాల."

"రెండూ ఒకటే కాదేటి?"

సుభద్రమ్మ మజ్జిగ పోస్తూ అంది, "గంగ నీ సేతికి తప్ప సేపదు, పాలు దింపదు. అది తెల్సి కూడా ఏటే నీ పంతం?"

ఝాన్సీ కంచం పక్కకి జరిపింది. తప్పు తనదే. పెళ్ళయిన నాటి నుంచి ఏ కాగితం మీదైనా ఫోన్ నంబరు అన్నచోట మొగుడి నంబరు రాయడం అలవాటైపోయింది. గ్యాసుకి అదే, బ్యాంకుకి అదే, ఆఖరికి తన పరీక్షకీ అదే. చెయ్యి దానంతటదే రాసింది. ఆ పది అంకెల తాళం అతని చేతిలో ఉండగా తను కాలేజీ ఎంచుకున్నానని మురిసింది.

ఇంక ఆవు సంగతి. సాలలో మేకుకి ఆమె పాత నీలం చీర వేలాడుతుంటుంది. గంగ చేపేది ఆ చీర వాసనకే. పరీక్ష రోజున అత్త ఆ చీరే చుట్టుకుని కూర్చుంటే చెంబు నిండింది. ఇప్పుడు అత్తకి మోకాళ్ళు వంగవు. వంగే మోకాళ్ళు ఇంట్లో ఇంకో జత ఉన్నాయి. అవి మూడు దాటితే దేవేంద్రతో పాటు జంక్షన్లో టీ బల్ల మీద ఉంటాయి.

కాలేజీల వరస మార్చుకోవడానికి మర్నాడు సాయంత్రం ఐదు దాకా గడువుంది. ఆఫీసుకి సెలవు పెట్టి, సర్టిఫికెట్లు సంచిలో వేసుకుని విజయనగరంలో ప్రవేశాల సహాయ కేంద్రానికి వెళ్ళింది. వరసలో అందరూ పంతొమ్మిదేళ్ళ పిల్లలు. "పాప రాలేదా అమ్మా?" అన్నాడు కుర్చీలో మనిషి. "నేనే పాపని" అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వనీ. ఫోన్ నంబరు మార్చాలంది. "ఇది ఎవరిదండీ?" "మా ఆయనది." "కొత్తది?" "నాది." ఆ మాట అవసరానికి మించి గట్టిగా వచ్చింది. అది కోపం. పదిహేనేళ్ళ కోపం. ఓటీపీ ఆమె చేతిలో మోగింది. విజయనగరం మొదట పెట్టింది. కొత్తవలస రోడ్డుది కింద కూడా ఉంచలేదు, తీసేసింది.

వారం తర్వాత సీటు వచ్చిన సందేశం కూడా ఆమె ఫోనుకే వచ్చింది. సాయంత్రం పాలవేళకి ముందు, అందరూ సాల దగ్గరుండగా చదివి వినిపించింది. యమున ఎగిరి గంతేసి, నాన్న ముఖం చూసి ఆగిపోయింది.

దేవేంద్ర గొంతు పెంచాడు. "నాకు సెప్పకుండా మార్సీసేవన్నమాట."

"నువ్వు నాకు సెప్పే మార్సేవేటి?"

"ఉజ్జోగం మానెయ్యాల. మూడేళ్ళు. ఇంటికొచ్చేసరికి ఏడవుతాది." లోపల గంగ అరిచింది. అతనికి అదే ఊతం దొరికింది. "ఇదిగో, పిలుస్తన్నాది. రేపట్నించి దీని పాలెవలు పితుకుతారు? సెప్పు. లచ్చనమ్మొచ్చి పితుకుతాదా?"

సుభద్రమ్మ అటు తిరిగి తన మోకాళ్ళు రాసుకుంది. ఝాన్సీ లోపలికెళ్ళి, మేకు మీది నీలం చీర తీసి, దులిపి, తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"ఇది సుట్టుకుని కూకో బావ. దానికి సీరే తెల్సు, లోపల ఎవలున్నారో తెల్దు. మీకు మాత్రం ఎప్పుడు తెల్సింది గనక?"